మూసిన స్టూడియోలో ఆయాసం

మన తెలుగువాళ్ళు వచ్చి స్థిరపడ్డ ఈ హిందీ ఊళ్ళో, సిర్గిట్టి రోడ్డులో రమణబాబు స్టూడియో ఉంది చూశారూ, చీకటి పడ్డాక దాని ముందునుంచి ఆటోవాళ్ళు కూడా రామనేవారు. చుట్టుతిరిగి పోతాం, ఆ షట్టరు ముందునుంచి మాత్రం వద్దు అనేవారు.

అక్కడ చచ్చినవాడు ఊపిరి పీలుస్తాడట.

రమణబాబు పెళ్ళి వీడియోలు చేసేవాడు. చిన్నప్పట్నుంచీ ఆయాసం మనిషి. మొన్న చలికాలంలో ఓ సాయంత్రం ఆ గదిలోనే, కంప్యూటరు ముందే, కుర్చీలోంచి ఒరిగిపోయాడు. షట్టరు దించేశారు. ఆ తర్వాత ఓ రాత్రి కరెంటు పోయి వీధంతా సద్దుమణిగిన వేళ, ఎదుటి టీ కొట్టువాడు విన్నాడట... మూసిన షట్టరు వెనకాల ఊపిరి. పైకి, పైకి ఎక్కడం... సన్నగా పిల్లికూత... ఆగిపోవడం.

మళ్ళీ మొదలు.

ఇక చూసుకోండి. షట్టరుకి నిమ్మకాయలు వేలాడాయి. గడప మీద పసుపు, కుంకుమ. బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసే కామేశ్వరరావుగారైతే అక్కడికి రాగానే స్కూటరు హారను నొక్కిపట్టి పోయేవారు. హారనుకి జడిసే దెయ్యమన్నమాట!

ఈ కబుర్లు వింటే రమణబాబు భార్య సౌభాగ్యకి ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. మొగుడితో సమానంగా ఆ కంప్యూటరు మీద పనిచేసిన మనిషి ఆమె.

"ఆయన బతికున్నన్నాళ్ళూ ఆయాసం ఎలా ఉందని ఒక్కడూ అడగలేదు. ఇప్పుడు చెవులు రిక్కించి వింటున్నారు," అనేది.

అందరికంటే ఎక్కువ ఒళ్ళు మండించేవాడు ప్రవీణ్. రమణబాబు చిన్నాన్న కొడుకు. స్టూడియో పక్క గదిలోనే మొబైల్ రిపేరు కొట్టు. కర్మలు అయ్యేదాకా స్టూడియో తాళంచెవి అతని దగ్గరే ఉంది, తర్వాతా తిరిగివ్వలేదు. వచ్చినప్పుడల్లా ఒకటే పాట.

"ఛోడో వదినా, వదిలెయ్. అన్నయ్య ఆత్మకి శాంతి లేదు. ఆడమనిషివి, ఆ గదిలో ఏటి కూర్చుంటావు? నేను తీసుకుంటాన్లే. పూజలవీ నేనే చేయించుకుంటాను."

ఒకప్పుడు కంప్యూటరుకి ఫ్యాను తిరగేసి బిగించి, గాలి లోపలికి రావట్లేదేంటన్నా అని అడిగిన ఘనుడు ఇతనే. ఇప్పుడు ఆత్మల గురించి చెబుతున్నాడు.

గది ఓనరు కూడా జడిసి ఖాళీ చెయ్యమన్నాడు. అదొక్కటే సౌభాగ్యకి బతుకుతెరువు. ఇక లాభం లేదనుకుంది. కరెంటు పోయిన ఓ సాయంత్రం, చీకటి పడగానే టార్చి పట్టుకుని బయల్దేరింది. అత్త మంగాయమ్మ చెప్పులు తొడుక్కుని వెనకాలే నడిచింది. స్టూడియో దగ్గర ప్రవీణ్ అడ్డం వచ్చాడు.

"వద్దొదినా... సచ్ మే, నిజంగా వద్దు." షట్టరుకేసి చూడకుండా అన్నాడు.

"తాళం తియ్యి."

తీశాడు. షట్టరు సగం లేచింది.

లోపల చిమ్మచీకటి. బల్ల కింద ఎర్రటి వెలుగు... చిన్నగా... పెరుగుతూ. దానితోబాటే ఊపిరి. పైకి ఎక్కింది. ఇంకా ఎక్కింది. పిల్లికూత పెట్టింది—

ఆగింది. వెలుగూ ఆరింది.

సౌభాగ్య గడప దగ్గరే ఆగింది. పెళ్ళయిన నాటినుంచీ రాత్రుళ్ళు పక్కన విన్న ఊపిరి అది. అచ్చం అదే.

మళ్ళీ ఎక్కడం మొదలైంది. ఈసారి ఆమె ఆగలేదు. వంగి, బల్ల కింది కంప్యూటరు కేబినెట్ పక్క తలుపు లాగి, టార్చి వేసింది.

ఎర్ర లైట్లున్న ఆరు ఫ్యాన్లు తిరుగుతున్నాయి. కరెంటు లేదు, కంప్యూటరు చచ్చి ఉంది, ఫ్యాన్లు మాత్రం తిరుగుతున్నాయి. గంటల తరబడి వీడియో పనికి వేడెక్కిపోకుండా ఉండాలని రమణబాబే బిగించాడు వాటిని. మదర్‌బోర్డు మీద ఒక్కోచోట రెండేసి ఫ్యాన్ల తీగలు పెట్టాడు, ఏ ఒక్క చోటా లోడు ఎక్కువ కాకూడదని. ఇప్పుడా తీగలన్నీ పీకేసి ఉన్నాయి. ఆరింటినీ టేపుతో ఒక్కటిగా చుట్టి, ఆమె ఎన్నడూ చూడని ఓ చిన్న డబ్బాకి తగిలించారు. డబ్బా మీద స్పీడు తగ్గించి పెంచే నాబు. దాన్నుంచి ఓ నల్ల తీగ గోడ కన్నంలోంచి ప్రవీణ్ కొట్లోకి... అక్కడున్న బ్యాటరీకి.

సౌభాగ్య టార్చి అతని మొహం మీదికి తిప్పింది.

"ఏటిది?"

"ఊరికే... చప్పుడు కోసం, వదినా. జనం జడుస్తారని..."

"చప్పుడు కోసం పెట్టావు. మరి ఊపిరి ఎక్కణ్ణుంచి వచ్చింది?"

ప్రవీణ్ గడప బయటే ఉండిపోయాడు. "అదే నాకూ తెలీదు. గుయ్‌మని మోగుతాయనుకున్నాను. ఇలా... అన్నయ్యలా... జడుపు పట్టుకుంది వదినా. తీసేద్దామన్నా నా కొట్లో ఉన్న తీగ ముట్టుకోడానికే ధైర్యం చాల్లేదు."

సౌభాగ్య అతన్ని ఎగాదిగా చూసింది.

"ఈ డబ్బాకి మూడు చోట్లున్నాయి తగిలించడానికి. ఒక్కోటి రెండు ఫ్యాన్లు మోస్తుంది. నువ్వు ఆరూ ఒకేచోట తగలేశావు. మొయ్యలేక ఆగిపోతోంది, చల్లారాక మళ్ళీ లాగుతోంది. దుమ్ము పట్టిన ఫ్యాను కూత పెడుతోంది. మిగతా రెండూ ఖాళీగా కనిపిస్తూనే ఉన్నాయి కదా? దెయ్యాన్ని కూడా సరిగ్గా చెయ్యలేకపోయావు ప్రవీణ్. చేసుకున్న దెయ్యానికి నువ్వే జడుసుకున్నావు."

నల్ల తీగ లాగేసింది. రెక్కలు నెమ్మదించి ఆగిపోయాయి. దూరంగా గూడ్సు బండి కదులుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

"తాళంచెవి అక్కడ పెట్టి ఎల్లు."

పెట్టి వెళ్ళిపోయాడు. సౌభాగ్య వెనక్కి తిరిగింది. మంగాయమ్మ ఎప్పుడు లోపలికొచ్చిందో, కొడుకు కుర్చీలో కూర్చుని ఉంది.

"ఆపేసేవేటమ్మా?" అంది మెల్లగా.

"ఫ్యాన్లు, అత్తా. మీ అబ్బాయి కాదు."

"తెలుసమ్మా. కన్నదాన్ని, వాడి ఊపిరి నాకు తెలీదేటి?" చీకట్లో ఆవిడ చెయ్యి బల్లని తడుముతోంది. "రోజూ వొచ్చి షట్టరు బయట కూకుంటన్నాను. వాడు కాదని తెలిసే కూకుంటన్నాను... ఓపాలి మళ్ళీ పెట్టు."

సౌభాగ్య మళ్ళీ కేబినెట్ వైపు తిరిగింది. నేల మీద కూర్చుని టార్చి పళ్ళతో పట్టుకుంది. టేపు విప్పి, తీగలు విడదీసి, మూడుచోట్లా రెండేసి తగిలించింది. నల్ల తీగ మళ్ళీ పెట్టింది. నాబుని బాగా కిందికి తిప్పింది.

ఈసారి ఎగశ్వాస లేదు, కూత లేదు. సన్నగా, సమంగా గాలి ఆడింది... ఆయాసం తగ్గిన రాత్రి మనిషి ఒళ్ళెరక్క నిద్రపోతున్నట్టు.

మంగాయమ్మ కళ్ళు మూసుకుంది.