మార్చుకోవడానికి తెచ్చిన కప్ప

పచ్చ కప్ప కావాలని అడిగి, గోడకు వేలాడే ప్యాకెట్లలోంచి ఎర్ర కప్పను తీసి కౌంటర్ మీద పెట్టే మనిషిని ఏమనాలి? నజ్మీన్ కప్ప వంక ఒకసారి, మనిషి వంక ఒకసారి చూసింది.

"ఇది పచ్చగా ఉందా అండీ?"

"లేదా?" అన్నాడతను.

"గుంటూరులో దీన్ని ఎరుపంటారు. మీ ఊళ్లో ఏమంటారో నాకు తెలీదు."

అతని వెనక నిలబడ్డ స్నేహితుడు బాషా గట్టిగా దగ్గాడు. కప్ప తీసిన మనిషి ఒక్క క్షణం తడబడి, వెంటనే నవ్వేశాడు. "మిమ్మల్ని టెస్ట్ చేద్దామని అలా అన్నానండి."

"పాసయ్యానా?"

"డిస్టింక్షన్‌లో."

"అయితే కాస్త పక్కకి జరగండి. వెనక నిజంగా కొనేవాళ్లున్నారు."

దీన్ని పరిచయం అనాలో, గొడవ అనాలో మీరే చెప్పాలి. ఇంతకీ ఇవి నిజం కప్పలు కావు, గాలానికి తగిలించే రబ్బరు కప్పలు. నీళ్ల మీదకి విసిరి, ఒడ్డు నుంచి మెల్లగా లాగుతుంటే, కప్ప ఈదుతోందనుకుని కొర్రమీను ఎగిరి పట్టుకుంటుంది. పట్నంబజారులో వలలూ నైలాన్ తాళ్లూ అమ్ముకునే లాల్ అహ్మద్ షాపులో ఈ లూర్లు పెట్టించింది ఆయన చిన్నకూతురు నజ్మీన్. డిగ్రీ అయ్యాక నాన్నకి సాయంగా కూర్చుంటానని వచ్చి, ఒక గోడంతా ఆక్రమించేసింది. తేటనీళ్లకి ఆకుపచ్చ, బురదనీళ్లకి నలుపు, మబ్బు పట్టిన పూట నిమ్మపండు పసుపు. ఈ విషయం కదిపితే చాలు, చీర మీదకి జాకెట్టు వెతుకుతున్నంత శ్రద్ధగా చెబుతుంది.

ఇక అతని సంగతి. పేరు వాసిం. నల్లపాడు దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీలో మెషీన్ రూము చూస్తాడు. ఆదివారం వస్తే బాషాని వెంటేసుకుని కుంటల మీద పడతాడు. మనిషి మంచివాడు, మాట మంచిది, చూడ్డానికి కూడా బాగానే ఉంటాడు. కాకపోతే ఎరుపుకీ ఆకుపచ్చకీ అతనికి తేడా తెలియదు. పుట్టుకతోనే అంతే. రెండూ ఒకే మట్టిరంగులో కనిపిస్తాయి.

మిర్చి పండే చోట పుట్టి ఎరుపు తెలియకపోవడం ఏం న్యాయమో ఆ పైవాడికే తెలియాలి. చిన్నప్పుడు కల్లంలో ఎండుతున్న కాయల్లోంచి పచ్చివి ఏరమంటే, శుభ్రంగా పండినవన్నీ ఏరి అవతల పోసి, వాళ్లమ్మ జైనాబీ చేత వీపు మీద తిన్నాడు. అసలు సంగతి ఆమెకీ అప్పుడు తెలియదు. పెద్దయ్యాక రైల్వే డ్రైవరు పరీక్ష పాసై, మెడికల్లో చుక్కల బొమ్మలోని అంకె చదవలేక బయటికొచ్చిన రోజున తెలిసింది. అక్కడితో ఆగినా బాగుండేది. చీరాల సంబంధం ఒకటి అన్నీ కుదిరాక, పెళ్లికూతురి మేనమామ ఈ మాట విన్నాడు. "ఇవాళ రంగులు కనపడవంటున్నాడు, రేపు మనుషులు కనపడకపోతే?" అని అందర్నీ లేపుకుని వెళ్లిపోయాడు. దీనివల్ల చూపేమీ పోదని డాక్టరు చెప్పినా వినలేదు. ఆ అవమానం వాసిం లోపల ఉండిపోయింది. అప్పటి నుంచి ఎవరి దగ్గరా ఆ ఊసెత్తడు.

అయినా తర్వాతి వారం మళ్లీ నజ్మీన్ షాపుకి వెళ్లాడు. ఈసారి ఒంటరిగా. ఆమె ఫోన్లో ఉంటే తనే ఒక కప్పను తీసుకుని వచ్చేశాడు. ఆదివారం కుంట దగ్గర బాషా ప్యాకెట్ చూసి, "ఏరా, పచ్చదన్నావు, మళ్లీ ఎర్రదే తెచ్చావు" అన్నాడు. సోమవారం సాయంత్రం వాసిం కౌంటర్ ముందు నిలబడ్డాడు.

"మార్చుకోవాలండి. పచ్చది కావాలి."

"ప్యాకెట్ విప్పారా?"

"లేదండి. కుంట దాకా తీసుకెళ్లి తెచ్చానంతే."

"షికారుకి తీసుకెళ్లారా దాన్ని?"

"పాపం, ఎప్పుడూ గోడకే వేలాడుతుంటుంది కదా అని."

నజ్మీన్ నవ్వు దాచుకోవడానికి కింద సొరుగులో ఏదో వెతికింది. సొరుగు ఖాళీగా ఉంది.

ఇక అదే వరస. ఒకసారి పసుపుది కావాలనుకుని నారింజది పట్టుకెళ్లానన్నాడు. ఇంకోసారి మట్టిరంగు కప్ప అనుకుని పచ్చది. సోమవారం వచ్చిందంటే మార్చుకోవడానికి ఒక కప్ప తయారు.

"మీకు కప్పలు కావాలా, కబుర్లు కావాలా?" అని అడిగేసింది ఒకరోజు.

"రెండోది మీ దగ్గర స్టాక్ ఉందాండీ?"

"ఉన్నా మార్చివ్వం."

"మార్చుకోనండి. ఇంటికి తీసుకెళ్లి దాచుకుంటాను."

నజ్మీన్ పిచ్చిది కాదు. ఇంత చక్కగా మాటకి మాట చెప్పే మనిషి రంగు దగ్గర ఇన్నిసార్లు పొరపాటు పడతాడా? సాకు, ఒట్టి సాకు. నా కోసమే వస్తున్నాడు అనుకుంది. ఆ ఆలోచన ఆమెకెంత నచ్చిందంటే, సోమవారాలు మధ్యాహ్నం నుంచే వీధి వైపు చూడటం మొదలుపెట్టింది.

లాల్ అహ్మద్ కూడా పిచ్చివాడు కాదు.

"ఏమ్మా, ఈ అబ్బాయి కొన్నవాటికంటే మార్చుకున్నవే ఎక్కువున్నాయి."

"వ్యాపారం అన్నాక తప్పదు కదా నాన్నా."

"నేను మార్చిస్తానంటే వద్దని నువ్వే లేచి పరిగెడుతున్నావు. అదీ వ్యాపారమేనా?"

నజ్మీన్ తాడు చుట్టలు సర్దింది. ఆ సాయంత్రం లాల్ అహ్మద్ తనే వాసింని పలకరించాడు.

"బాబూ, ఆదివారం మాతో కుంటకొస్తావా? మనిషిని చూడాలంటే గాలం దగ్గర చూడాలంటాను నేను. పొద్దుటి నుంచి ఒక్క చేపా పడకపోతే ఎవడి సంగతేంటో తెలిసిపోద్ది. మా పెద్దల్లుణ్ణీ అక్కడే చూశాను."

ఆ చివరి మాటకి వాసింకి సంతోషం ఎంతో, భయం అంతకు రెండింతలు.

"నోరు మూసుకుని చేపలు పట్టు" అన్నాడు బాషా, ఆ రాత్రి సంగతంతా విని. "నిఖా అయ్యాక తీరిగ్గా చెప్పుకోవచ్చు. రంగులు తెలీకపోతే కొంపలేం మునగవు."

"చీరాల వాళ్లకి మునిగింది కదరా."

"అందుకేరా చెప్పొద్దనేది."

నజ్మీన్ కూడా అలాగే లేచి వెళ్లిపోతే? వాసింకి ఆ వారమంతా ఇదే ఆలోచన.

ఆదివారం వచ్చింది. కుంట పత్తి చేల మధ్య ఉంది. రాత్రి కురిసిన వానకి నీళ్లు చిక్కటి టీ రంగుకి తిరిగాయి. లాల్ అహ్మద్ గట్టు అవతలి కొసన గొడుగు కింద కూర్చున్నాడు. ఇవతల నజ్మీన్ లూర్ల పెట్టె తెరిచి, టీచరమ్మలా మొదలుపెట్టింది.

"ఈ నీళ్లకి ఏ రంగు?"

"నలుపు."

"అది పడకపోతే?"

"తెలుపు."

"ఫర్వాలేదు, నా దగ్గర తిరిగి కాస్త నేర్చుకున్నారు."

అంతలో గట్టు మీంచి కేక వినిపించింది. "బాబూ, ఆ ఎర్రదొకటి పట్రా. నాకు ఎర్రదే కలిసొచ్చుద్ది."

పెట్టెలో రెండు కప్పలు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి ఎర్రది, ఒకటి పచ్చది. వాసిం చెయ్యి వాటి మీద ఆగిపోయింది. అటు కదలదు, ఇటు కదలదు.

నజ్మీన్ నవ్వింది. "ఇక్కడ కూడా ఆ నాటకమేనా? మార్చుకోవడానికి ఇక్కడ కౌంటర్ లేదు. అయినా నేను పక్కనే ఉన్నాను కదా, ఇంకెందుకు?"

ఏదో ఒకటి తీసి తనూ నవ్వేస్తే ఆ పూట గడిచిపోయేది. ఆమె ముఖం చూశాక వాసింకి చేతకాలేదు. ఇంత నమ్మకంగా నవ్వే మనిషికి ఇంకో అబద్ధం చెప్పి, దాని మీద జీవితాంతం కాపురం చెయ్యాలా?

"ఇది నాటకం కాదండి. ఈ రెంటిలో ఎర్రది ఏదో నాకు నిజంగా తెలీదు."

ఆమె నవ్వుతూనే ఉంది. అతను నవ్వకపోయేసరికి ఆపింది. వాసిం చెప్పుకుంటూ పోయాడు. కల్లంలో ఏరిన కాయలు, రైల్వే ఉద్యోగం, చీరాల సంబంధం, అన్నీ చెప్పాడు.

"మొదటిరోజు టెస్ట్ అన్నది?" అని అడిగింది చివరికి.

"అబద్ధమండి."

"తర్వాత తప్పు తీసినవన్నీ?"

"నిజంగానే తప్పులు."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అనుకున్నంతా అయ్యిందనుకున్నాడు వాసిం. "చూపేమీ పోదండి, డాక్టరు కూడా చెప్పాడు. కావాలంటే మీరే…"

"మీ చూపు సంగతి ఎవరడిగారు?" అంది నజ్మీన్. "సోమవారమైతే నేను తల దువ్వుకుని కూర్చునేదాన్ని. కావాలనే తప్పు తీస్తున్నారు, నా కోసమే వస్తున్నారు అనుకున్నాను. తీరా చూస్తే, కప్ప రంగు తప్పితే వచ్చారన్నమాట. అంతేనన్నమాట."

చినుకులు మొదలయ్యాయి. నజ్మీన్ చున్నీ తల మీదకి లాక్కుని మోటారు షెడ్డు కిందకి వెళ్లి, చేల వైపు తిరిగి నిలబడింది. వాసింకి బుర్ర తిరిగిపోయింది. దేనికి భయపడి ఇన్నాళ్లు చచ్చాడో దాన్ని ఆ అమ్మాయి ఖాతరే చెయ్యలేదు. ఆమె ఏడుస్తున్నది ఇంకోదానికి. రెండు కప్పలూ చేత్తో పట్టుకుని వెనకే పరిగెత్తాడు.

"ఒక్క మాట అడుగుతానండి."

"అడగొద్దు."

"ఈ రెండూ నాకు ఎలా కనిపిస్తాయి?"

"ఒకేలా. ఇప్పుడేగా చెప్పారు."

"మరి నేను ఎర్రది తెస్తే మీరు పచ్చదిచ్చారనుకోండి, నా కంటికి ఏం మారింది? అదే కప్ప. ఎర్రదైనా కొర్రమీను పడుతుంది, పచ్చదైనా పడుతుంది. బాషా తప్పు తెచ్చావంటే, సరేలేరా అని దాన్నే నీళ్లలో వెయ్యొచ్చు." వాసిం ఊపిరి తీసుకున్నాడు. "నల్లపాడు నుంచి ఆటో మీద ఆటో మారి, ప్రతి సోమవారం నేను దేన్ని మార్చుకోవడానికి వచ్చానంటారు?"

వాన షెడ్డు రేకుల మీద గట్టిగా పడుతోంది. ఆమె మెల్లగా ఇటు తిరిగింది.

"తియ్యడం పొరపాటేనండి" అన్నాడు. "రావడం పొరపాటు కాదు. మీరంటే నాకు చాలా ఇష్టం."

"ఆ ముక్క మొదటే చెప్పి చావొచ్చు కదా."

"చెప్తే చీరాల వాళ్లలా మీరూ లేచి వెళ్లిపోతారని."

"నా షాపులోంచి నేనెక్కడికి లేచి వెళ్తానయ్యా?"

ఆ "అయ్యా" ఎంత మెత్తగా వచ్చిందంటే, వాసిం వానలో సగం తడుస్తున్న సంగతి కూడా మరిచిపోయాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. లాగిన చెయ్యి వదలాలని ఇద్దరికీ గుర్తు రాలేదు. షెడ్డు ముందు గొడుగు ముడుస్తూ లాల్ అహ్మద్ కనపడ్డాక గుర్తొచ్చింది.

"ఒక్క కప్పను అడిగితే ఇద్దరూ మాయమయ్యారేంటి?"

"నాన్నా, అదీ…" అని నజ్మీన్ మొదలుపెట్టింది.

"మీరుండండి, నేనే చెప్తాను" అన్నాడు వాసిం. చెప్పాడు. రెండోసారి కాబట్టి కాస్త తేలిగ్గానే వచ్చింది.

లాల్ అహ్మద్ తువ్వాలు పిండి, ముఖం తుడుచుకుని, మళ్లీ పిండాడు. "రోడ్డు మీద సిగ్నల్ ఎలా తెలుస్తుంది?"

"పై లైటా కింద లైటా చూస్తానండి."

"చూపు?"

"దానికేం ఢోకా లేదండి."

"పిల్లలకొస్తుందా?"

"నాన్నా" అంది నజ్మీన్.

"నువ్వుండమ్మా. అడగాల్సింది అడగాలిగా."

వాసిం తల దించుకున్నాడు. చీరాల వాళ్లు లేచింది ఇలాంటి చోటే. "కొడుకులకి రాదంటండి. కూతుళ్లకి పుట్టే మగపిల్లలకి రావచ్చంట."

లాల్ అహ్మద్ ఆ వరసలన్నీ వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు.

"అంటే నా మనవళ్లకి రాదు. నీ మనవళ్లకి రావచ్చు."

"అంతేనండి."

"అప్పటికి తాతవి నువ్వు. వాళ్ల సంగతి నువ్వే చూసుకో, నాకెందుకు?"

ఆయన గొడుగు విప్పుకుని గట్టు వైపు నడిచాడు. ఆ మాట వాసిం బుర్రకెక్కడానికి కొంచెం సమయం పట్టింది. ఎక్కాక మోటారు దిమ్మె మీద కూర్చుండిపోయాడు. నజ్మీన్ చున్నీ కొసతో కళ్లు తుడుచుకుని అతని పక్కనే కూర్చుంది.

"మీ అమ్మగారిని మా ఇంటికి ఎప్పుడు తీసుకొస్తావు?" అని అడిగింది.