గీతలు దగ్గరపడే చోటు

మూడో శనివారం కూడా వృథా అయ్యేలా ఉంది.

డునెడిన్ ఊరి వెనక కొండల్లో, గొర్రెల ఫార్మ్ గేటు పక్కన కారాపి, రవికిరణ్ బానెట్ మీద పాత మ్యాపు పరిచాడు. డెబ్భై ఎనభై ఏళ్ల కిందటిది. వాగు అవతల నాలుగు నల్ల గుర్తులు, అంటే నాలుగిళ్లు. ఒకప్పుడు బంగారం తవ్వుకోవడానికి వచ్చినవాళ్లవి. అక్కడికి వెళ్లే బాట ఎక్కడుందో సోమవారానికల్లా తేల్చకపోతే సర్వే ఆఫీసులో తల ఎత్తుకోలేడు.

నేల మీద చూస్తే ముళ్లపొదలే.

"మ్యాపే తప్పేమో రవీ," అంది భార్య అలేఖ్య, సాక్సుకు గుచ్చుకున్న ముళ్లు పీక్కుంటూ.

"గీసినవాడు కాళ్లరిగేలా తిరిగి గీశాడు. మనకే చూడ్డం రావట్లేదు!"

విసురుగా అనేసి, మ్యాపు మడిచి పట్టుకుని ఒక్కడే వాగు దాటాడు.

మూడింటికే సముద్రం వైపు నుంచి పొగమంచు ఎగబాకింది. చెట్లు పోయాయి. కొండ పోయింది. ఫోనులో సిగ్నల్ లేదు. తడి గడ్డి వాసనలో మెల్లగా బొగ్గు పొగ కలిసింది. ఎక్కడో గునపం రాతికి తగిలింది. టంగ్... కాసేపాగి, టంగ్...

"రవీ, ఇటు రా. బాట దొరికింది."

ముందు నుంచి. అలేఖ్య గొంతే. ఇన్నాళ్లకి ఒక మంచి మాట! గబగబా నడిచాడు. కాళ్లకింద నేల చదునుగా ఉంది. నిజంగానే బాట.

"రా... ఇంకొంచెం..."

అలవాటుకొద్దీ మ్యాపు చూసుకున్నాడు. వాగు దగ్గర్నుంచి వేసిన అడుగులు లెక్కేశాడు. తనున్న చోటికి కాస్త ముందు, ఎత్తుపల్లాలు చూపే గీతలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. అంటే... నిలువు లోయ.

ఆగాడు. ఒక రాయి తీసి ముందుకు విసిరాడు.

చప్పుడు లేదు.

చాలాసేపటికి, ఎక్కడో కింద, వినబడింది.

వెనక్కి తిరిగి పరుగెత్తాడు. అలేఖ్య వాగులో మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉంది.

"అలా ఎందుకు పిలిచావు?" గుసగుసగా అడిగింది. "చిట్టిగువ్వా అని... చనిపోయిన మా అమ్మమ్మ తప్ప నన్నెవరూ అలా పిలవలేదు. నీకెవరు చెప్పారు?"

రవికిరణ్ వెనక్కి తిరిగి పొగమంచులోకి చూశాడు. తను అసలు పిలవనే లేదు.

చేతులు పట్టుకుని కారు దాకా ఉరికారు. తలుపులు లాక్ చేసుకున్నారు. తాళం తిప్పబోతుంటే, కొండ పైనుంచి మళ్లీ పిలుపు.

ఈసారి రెండు గొంతులు. ఒకటి అతనిది. ఒకటి ఆమెది.

పిలుస్తున్నది వాళ్లని కాదు, కొండ మీద ఇంకెవరినో. ఇద్దరికీ తెలియని పేరేదో... ఎంతో ముద్దుగా.