నాలుగో పేరు

స్ఫాక్స్ నగరంలో ఆ ఉదయం కూడా ఉల్ఫా ఆఫీసుకు తయారై, చెప్పులు వేసుకుని నిలబడే కాఫీ తాగుతోంది. వంటింటి బల్ల మీద అత్తగారి ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. తను పనిచేసే బట్టల ఫ్యాక్టరీ మూతపడ్డాక, యాభై నాలుగేళ్ళ వయసులో మహబూబా ప్రోగ్రామింగ్ క్లాసుకు వెళ్తోంది. చేర్పించింది కోడలే.

టీచరు ఇచ్చిన పని చిన్నదే. ఇంట్లోవాళ్ళు ఒక్కొక్కరికీ పేరు, ఉన్నారా లేరా అనే వివరాలతో ఒక్కో ఆబ్జెక్టు చేసి, జాబితాలో పెట్టి, ఇప్పుడు ఇంట్లో ఉన్నవాళ్ళ పేర్లు చూపించాలి. మహబూబా మూడు రోజులు కూర్చుని, సున్నా నుంచి లెక్కపెట్టుకుంటూ, ఒక్కొక్కరి దగ్గరా ఆగుతూ ఇరవై రెండు లైన్లు రాసింది.

ఉల్ఫాకు ప్రోగ్రామింగే ఉద్యోగం. చెయ్యి ఊరుకోలేదు. జాబితా ఉంచి, లెక్కపెట్టే లైన్లన్నీ చెరిపేసి ఒక్కటే రాసింది: ఉన్నవాళ్ళను ఏరు, పేర్లు ఇవ్వు.

“ఇలా చూడండత్తయ్యా. జాబితానే అడగాలి. మనం వేళ్ళు మడిచి లెక్కపెట్టక్కర్లేదు.”

రొట్టె ముక్క ఆలివ్ నూనెలో ముంచబోతూ మహబూబా తెర వంక చూసింది. తన పేరు, కోడలి పేరు, మనవరాలు ఎలిసా పేరు. అంతే.

“అనీస్ ఏడీ?”

గాబెస్ రోడ్డు ప్రమాదంలో ఉల్ఫా భర్త అనీస్ పోయి పద్నాలుగు నెలలైంది.

“నిన్నే అడిగేది! నేను రాస్తే నాలుగు పేర్లూ వచ్చాయి.”

“మీ లైన్లు ఎవరు ఉన్నారో లేరో చూడనే లేదు. ఆయన దగ్గర అది ఖాళీగా వదిలేశారు. ఖాళీ అంటే లేనట్టే లెక్క.”

“ఎవరి లెక్క, నీ లెక్కా? నలభయ్యో రోజు దాటగానే వాడి చొక్కాలు పంచిపెట్టేశావు. ఫోటో అలమారలో దాచేశావు. నీ నోట వాడి పేరు విని ఎన్నాళ్ళైంది? ఇప్పుడు ఇక్కణ్ణుంచి కూడా గెంటేశావు!”

“ఆ ఫోటో ముందు కూర్చుని మీరు తిండి మానేస్తున్నారని దాచాను!” ఉల్ఫా కప్పు ఠక్కున పెట్టింది. “నేనూ అలాగే కూర్చుంటే పిల్ల సంగతేంటి? ఆఫీసు బాత్రూంలో పంపు తిప్పి ఏడుస్తాను. ఇంట్లో అయితే మీకు వినపడుతుందని.”

మహబూబా చేతిలో ముక్క చేతిలోనే ఉండిపోయింది.

ఉల్ఫా కుర్చీ లాక్కుని ఇంకో లైను రాసింది. “ఏరినప్పుడు కొత్త జాబితా వస్తుంది. అసలుదాన్ని అది ముట్టుకోదు. ఇదిగో, మీరు రాసిన జాబితా అలాగే ఉంది. మహబూబా, ఉల్ఫా, ఎలిసా, అనీ...”

ఆ పేరు పూర్తిచేయలేకపోయింది.

మహబూబా ఆమె తలను భుజానికి లాక్కుంది. “ఇదంతా ఒక్కదానివే మోశావుటే, తల్లీ! ఒకే ఇంట్లో ఉండి నాకు తెలియలేదు.”

కళ్ళజోడు తుడుచుకుని అడిగింది. “ఆ ఖాళీలో ఏం రాయాలి?”

“మీరు రాయక్కర్లేదత్తయ్యా. వదిలేయండి.”

మహబూబా వినలేదు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, కొడుకు పేరు పక్కన ‘లేడు’ అని తనే నింపింది.

“ఇవాళ ఆఫీసుకు వెళ్ళకే,” అంది.

ఉల్ఫా చెప్పులు విప్పేసింది.