వేలాడే దారం

బల్లలన్నీ గోడకు జరపాలి. నేల ఊడవాలి. చార్టులకు గుండుసూదులు గుచ్చాలి. బడి పిల్లలు కుట్టి తెచ్చిన గుడ్డల మీద వేలాడే దారాలు కత్తిరించాలి. సాయంత్రం ప్రదర్శన చూడటానికి అమ్మానాన్నలు వచ్చేలోగా ఇవన్నీ అయిపోవాలి.

చివరి పని బొంగరానిది. ఒక్కచోట నిలవదని ఆ పిల్లకు ఆ పేరు పెట్టారు. వాళ్లమ్మ టైలర్. షాపులో కుట్టిన బట్టలకు దారాలు కత్తిరించేది బొంగరమే. “దారం వేలాడిందంటే పని సగంలో ఉన్నట్టే” అని వాళ్లమ్మ రోజూ అంటుంది.

బొంగరం కూడా ఒక గుడ్డ కుట్టి తెచ్చింది. దాని నిండా చేపలే. ప్రతి ఏడూ గోడ మధ్యలో ఉండేది బొంగరం కుట్టిందే. ఈసారి టీచర్ అక్కడ గువ్వ తెచ్చిన పాత గుడ్డ తగిలించింది. గువ్వ ఈ ఏడే బడిలో చేరింది. వాళ్లవాళ్లు ఎక్కడో దూరదేశం నుంచి వచ్చారు. మెల్లగా మాట్లాడుతుందని అందరూ గువ్వ అంటారు.

“వెలిసిపోయిన దుప్పటి ముక్కకి ఇంత మర్యాదా?” అంది బొంగరం.

“కళ్లలో నిప్పులు పోసుకోకే. పొగ ఇక్కడిదాకా వస్తోంది” అని పక్క బెంచీ పిల్ల నవ్వింది.

గువ్వ బొంగరం దగ్గరకు వచ్చింది. “ఇందులో ఒక్కో వరుస ఒక్కో అమ్మమ్మ కుట్టింది. చెప్పనా?”

“నాకు బోలెడు పనుంది” అంది బొంగరం.

గువ్వ నీళ్లు తాగడానికి వెళ్లింది. గుడ్డ చివర ఒక ఎర్ర దారం జానెడు వేలాడుతోంది. బొంగరం కత్తెర తీసింది. కత్తిరించమని టీచరే చెప్పింది కదా. కానీ గువ్వను ఒక మాట అడగాలని బొంగరానికి తెలుసు. ఈ గుడ్డ కాస్త పాడైతే బాగుండునని కూడా లోపల ఎక్కడో ఉంది. కత్తెర ఆడింది. దారం తెగి కొస మాత్రం మిగిలింది. షాపు అలవాటు కొద్దీ ముక్కను నేల మీద పడేయకుండా జేబులో వేసుకుంది.

గువ్వ వచ్చి గుడ్డ చివర చూసింది. తర్వాత నేలంతా వెతకడం మొదలుపెట్టింది.

“ఏం పోయిందమ్మా?” అని టీచర్ అడిగింది.

“అమ్మమ్మ వదిలిన దారం. మా వాళ్లకు రాసుకోవడం ఉండేది కాదు. జరిగినవన్నీ ఇలా కుట్టుకునేవాళ్లు. ఒకరు ఆపినచోట దారం వదిలేస్తారు. తర్వాతివాళ్లు ఆ దారంతోనే మొదలుపెట్టాలి. అమ్మమ్మ ఇప్పుడు లేదు. అది నాకు వదిలిన దారం.”

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెత్తలో పోయిందనుకుంటారు. బొంగరం జేబులో చెయ్యి పెట్టింది. దారం వేలికి చుట్టుకుంది.

“నేనే కత్తిరించా” అంటూ దారం తీసి గువ్వకు ఇచ్చింది. “పని మిగిలిపోయిందనుకున్నా. అదొక్కటే కాదు. నా చేపల్ని పక్కకు పెట్టారని కుళ్లు కూడా.”

గువ్వ గుడ్డకు మిగిలిన కొసను వేలితో తడిమి చూసింది. చివరికి, “తెగితే ఇంటివాళ్లు ముడి వేసుకోకూడదు. బయటివాళ్లే వెయ్యాలి. వేసేవాళ్లు ముందు కథంతా వినాలి” అంది.

“ఇంతకుముందు కూడా తెగిందా?”

గువ్వ గుడ్డ మధ్యలో ఒక నల్లటి ముడి చూపించింది. “వరదకు మా వాళ్లు ఊరు వదిలి వస్తుంటే తెగింది. ఏరు దాటించిన పడవవాడి భార్య వాళ్లింట్లో చోటిచ్చింది. ఆమెకు మా భాష రాదట. అయినా ఒక్కో బొమ్మ మీద వేలు పెట్టి, ఇదేంటి, ఇదేంటి అని సైగలతో అడిగి, అంతా తెలుసుకున్నాకే ముడి వేసింది. ఆమె పేరు మాకెవరికీ తెలియదు.”

బొంగరం గుడ్డ ముందు చతికిలబడింది. మొదటి వరుస మీద వేలు పెట్టింది.

“ఇదేంటి?”

కొండ దిగిన మేకలు. కరువులో తవ్విన బావి. కవలల్ని పెంచిన పెద్దమ్మ. అన్నం బెల్ కొట్టినా బొంగరం లేవలేదు.

“మా ఇంట్లో ఇలాంటిది లేదు. మళ్లీ కుళ్లు వస్తోంది” అంది. గువ్వ నవ్వి దారం చేతికిచ్చింది. బొంగరం జాగ్రత్తగా ముడి వేసింది.

సాయంత్రం బొంగరం వాళ్లమ్మ షాపు మూసేసి వచ్చింది. గుడ్డ చివర చూసి, “ఎవరే ఇక్కడ దారం వదిలేసింది?” అంటూ సంచిలో కత్తెర కోసం వెతికింది.

బొంగరం ఆమె చెయ్యి పట్టుకుంది.

“ఆగమ్మా. ముందు కూర్చో. గువ్వ చెప్పేది విను.”

మీరు కూడా ఎప్పుడైనా తెగిన దారానికి ముడి వేస్తే, పేరు తెలియని ఆ పడవవాడి భార్యను ఒకసారి తలుచుకోండి.