మెయిలింగ్ లిస్టులో అమ్మ ఉత్తరం

ఆదివారం పొద్దున, సముద్రపొడ్డున బ్లఫ్ అనే ఊళ్లో గాలి కిటికీల్ని ఊపేస్తోంది. రేలీన్ వంటింట్లో చీజ్ రోల్స్ కాలుస్తోంది. ముందు గదిలో కూతురి కంప్యూటరు తెరమీద ఉన్నదాన్ని గుక్క తిప్పుకోకుండా పైకి చదువుతోంది: ఖాళీ, ఖాళీ, బ్రాకెట్టు, ఖాళీ.

"కాసేపు దాని నోరు మూయించవే. తల వాచిపోతోంది," అంది రేలీన్.

"నాకూ వాచిపోతోందమ్మా. ఈ పని పెట్టుకుంది అందుకే కదా," అంది బ్రయర్.

బ్రయర్‌కు ఇరవై రెండేళ్లు. పుట్టుకతోనే చూపు లేదు. కీబోర్డు ముందు పెట్టుకునే బ్రెయిలీ పలక ఒకటి ఆమెకుంది. తెరమీది అక్షరాలు దాని మీద చుక్కలై లేస్తాయి, వేళ్లతో చదువుకోవచ్చు. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. కొత్త కంప్యూటరు కొంటే అది పలకను గుర్తుపట్టలేదు. రెండింటికీ మాట కలిపే డ్రైవర్ అనే ప్రోగ్రాము దాని కోసం ఎవరూ రాయలేదు.

కొత్త పలక తీసుకుందామంటే బ్రయర్ ఒప్పుకోలేదు. "ఇది బాగానే ఉంది. దీనికి చావొచ్చిందని కంపెనీ చెబితే నమ్మాలా? ఇలాంటివి ఎంతమంది ఇళ్లలో అటకెక్కాయో. నేనే రాస్తాను," అంది.

ఆమె వాడేది లినక్స్. దాని లోపలి రాత అందరికీ తెరిచే ఉంటుంది. ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు. ముందు ఊరికే పలకరించి ఊరుకునే బుల్లి డ్రైవర్ రాసింది. తర్వాత పలక జోలికి వెళ్లింది. కంప్యూటరు ఎన్నోసార్లు బిగుసుకుపోయింది. చివరికి రాసినదాన్ని, లినక్స్ రాసేవాళ్లందరికీ ఒకేసారి ఉత్తరాలు చేరే మెయిలింగ్ లిస్టుకు పంపింది. అక్కడ ఒకరి పనిని మరొకరు అందరి ముందే పరీక్షిస్తారు. సరైన రాతల్ని లినక్స్‌లోకి తీసుకునే, డెన్మార్క్‌లో ఉండే టోర్బెన్ అనే పెద్దాయన జవాబిచ్చాడు: "ఇలా తీసుకోలేను. వరుసల మొదట ఖాళీలు తప్పు. వాడుతుండగా పలక తీగ పీకితే కంప్యూటరు బిగుసుకుని పడిపోతుంది. సరిచేసి పంపండి." రెండోసారీ అదే మాట.

ఆ రోజు గోడవతల కూతురి వెక్కిళ్లు రేలీన్ విన్నది.

ఇప్పుడు వంటింట్లోంచి పళ్లెం పట్టుకొస్తుంటే, కంప్యూటరు గొంతు లిస్టులో కొత్తగా వచ్చిన ఉత్తరాన్ని చదవడం మొదలుపెట్టింది. పంపింది రేలీన్.

"అయ్యా, బ్రయర్ నా కూతురు. తనకు కళ్లు కనపడవు. పాపం ఒక్కతే కూర్చుని ఎంతో కష్టపడింది. చిన్నచిన్న తప్పులు చూసీచూడనట్టు వదిలేసి తన పని తీసుకోండి. దాని బాధ నేను చూడలేకపోతున్నాను."

ప్రాణంలేని ఆ గొంతులో తన మాటలు వింటూ రేలీన్ పళ్లెం బల్ల మీద పెట్టేసింది.

"ఇది ఎవరెవరు చదువుతారో తెలుసా?" బ్రయర్ మెల్లగా అడిగింది. "లోకమంతా. ఇక చెరిపినా చెరగదు."

"నీ మంచికే రాశాను తల్లీ. ఏడ్చావు కదా."

"ఏడిస్తే ఏం? ఏడ్చి మళ్లీ రాస్తాను. బస్సులో, కొట్లో, ఎక్కడికెళ్లినా అందరూ గొంతు తగ్గించి పక్కకు తప్పుకుంటారు. అక్కడొక్కచోటే ఎవరూ తప్పుకోలేదు. తప్పుంది, దిద్దుకో అన్నారు. అదెంత బాగుందో నీకు తెలీదు. అదీ లాగేసుకున్నావు."

"అమ్మనే. చూస్తూ ఊరుకోమంటావా?"

"ఊరుకోమనే అంటున్నా."

మూల కూర్చుని బూట్లు తొడుక్కుంటున్న గ్రాంట్ తలెత్తాడు. "రేలీన్, నేను పడవ మీద పనికి చేరినప్పుడు మా అమ్మ ఇలా ఉత్తరం రాసుంటే, నేను సముద్రంలో దూకేవాణ్ని," అన్నాడు భార్యతో. ఎవరూ నవ్వలేదు.

బ్రయర్ అప్పటికప్పుడే లిస్టుకు రాసింది: "పై ఉత్తరం మా అమ్మది. పట్టించుకోకండి. ఈసారీ తప్పులుంటే వెనక్కి పంపండి."

మర్నాడు టోర్బెన్ జవాబు వచ్చింది. రేలీన్ పనికి వెళ్తూ కారు పక్కకు ఆపి ఫోనులో చదువుకుంది. "అమ్మగారూ, మీ అమ్మాయికి చూపు లేదని నాకు తెలియదు. తెలిసినా ఇవే తప్పులు చెప్పేవాణ్ని. నేను వీటిని వదిలేస్తే, రేపు ఆ పలక మీద చేతులు పెట్టుకున్న ఇంకొకరి కంప్యూటరు పడిపోతుంది. పనికొచ్చే రాత కాకపోతే అంత వివరంగా జవాబు రాసేవాణ్ని కాదు."

రేలీన్ స్టీరింగు మీద తల ఆన్చుకుంది. కూతురు అడుగు వేయకముందే తాను ముందు నడిచి, జరగండి జరగండి అని అందరినీ బతిమాలడం గుర్తొచ్చింది. అది ప్రేమే. కానీ ఆ పిల్ల రాతలో ఏముందో, ఎవరో పరాయివాడు చదివినట్టు తానెప్పుడూ చదవలేదు.

సాయంత్రం కూతురి గది గుమ్మంలో నిలబడింది. "నేను చేయగలిగింది ఏదైనా ఉందా?"

"జాలి పడకుండా చేయగలవా?"

"చెప్పు."

"నేను పనిలో ఉండగా పలక తీగ పీకెయ్. ఎప్పుడు పీకుతావో నాకు తెలియకూడదు. తెర బిగుసుకుపోతే, పడిపోయిందని చెప్పు. బాగానే ఉందని మాత్రం అనకు."

మొదటిసారి తీగ పీకగానే తెర బిగుసుకుంది. బాగానే ఉందనబోయి రేలీన్ నాలుక కరుచుకుంది. "పడిపోయింది," అంది చివరికి. బ్రయర్ తిరగరాసింది. రేలీన్ మళ్లీ పీకింది. నాలుగు రోజులు తిరిగేసరికి వంట మధ్యలోంచి పరిగెత్తుకొచ్చి మరీ పీకి, "పడిపోయింది," అని దబాయించి చెబుతోంది. "ఈవిడ పీకడం బాగా రుచి మరిగింది," అని గ్రాంట్ గొణుక్కున్నాడు.

ఒక రోజు ఎన్నిసార్లు పీకినా కంప్యూటరు చెక్కుచెదరలేదు. బ్రయర్ లిస్టుకు పంపింది. రెండు రోజులకు టోర్బెన్ ఒక్క మాట రాశాడు: "తీసుకున్నాను."

బ్రయర్ కంప్యూటరు గొంతు కట్టేసింది. పలక మీద చుక్కలు లేచాయి. వేళ్లు నడిపిస్తూ తన గొంతుతో తనే చదివింది: "రాసినవారు, బ్రయర్. పరీక్షించినవారు, రేలీన్."

"నా పేరెందుకే? నీ పరువు తీసింది నేనే కదా."

"నువ్వు పరీక్షించావు. పరీక్షించినవాళ్ల పేరు రాయడం అక్కడి పద్ధతి. జాలిపడి రాయలేదు."

రేలీన్‌కు ఏడుపు ఆగలేదు. బ్రయర్ ఆమె చెయ్యి పట్టుకుని చూపుడు వేలిని చుక్కల మీద పెట్టింది. "ఇది నువ్వు."

"నాకేం అర్థం కావట్లేదు తల్లీ. ఎలా చదవాలి?"

"నేర్చుకో. తప్పు చదివితే తప్పని చెబుతాను."