మొక్కుబడి మల్లెలు

"ఆ కొమ్మ మీద చెయ్యి పడిందో, నీ పుస్తె నువ్వే తెంచుకున్నట్టు! సూసుకో!"

పెరట్లో మల్లెపాదు ముందు చేతులు చాపి అడ్డంగా నిలబడి అత్త తిరుమలమ్మ అరిచిన అరుపుకు పంకజాక్షి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. లోపల మంచం మీద ఎనిమిదేళ్ళ కూతురు మునిలక్ష్మి మూలుగుతోంది. జ్వరం గుండెకు ఎక్కిందనీ, ఇక బిడ్డ ఏది అడిగినా కాదనవద్దనీ చెప్పి పొద్దున డాక్టరు తల వంచుకుని వెళ్ళిపోయాడు. ఆ పిచ్చితల్లి అడిగింది ఏమిటి? పట్టు పావడానా? బంగారమా? ఒక్క పూలజడ! "అమ్మా... మన చెట్టు పూలతో జడ కుట్టవా... అద్దంలో సూసుకుంటాను..." అంతే!

ఎండాకాలం సాయంత్రాలు తిరుపతిలో ఆ వీధికంతా వాసన పంచేది వీళ్ళ పెరడే. మల్లె, సన్నజాజి, సంపెంగ, పాదుల గట్ల మీద మరువం... బావిలో నీళ్ళు తోడి తోడి పంకజాక్షి అరచేతులు కాయలు కట్టిపోయాయి. ఏం లాభం! కాపురానికొచ్చిన నాటినుంచి ఆ పెరటి పువ్వు ఒక్కటి ఆమె తలకెక్కితే ఒట్టు! భర్త వెంకటముని పసివాడుగా ఉన్నప్పుడు ఒళ్ళంతా అమ్మవారు పోసి కళ్ళు తేలేస్తే, తిరుమలమ్మ తడిబట్టలతో కొండవైపు తిరిగి మొక్కుకుంది. బిడ్డ నిలిస్తే పెరట్లో పూసిన ప్రతి పువ్వూ స్వామిదేనని! బిడ్డ నిలిచాడు. కొండమీద ఆడవాళ్ళు పూలు పెట్టుకోరు, అక్కడ పూసిందంతా స్వామికే. ఆ కట్టుబాటును కొండ దింపి తన పెరట్లో నాటేసింది మహాతల్లి! ఇంట్లోవాళ్ళు వాసన చూసినా తప్పే. రోజూ మొగ్గలు కోసి తడిగుడ్డ కప్పి ఉంచితే, పక్కింటి పరంధామయ్య గంప కొండకు తీసుకుపోయేవాడు.

పంకజాక్షి బజారుకు పరుగెత్తి మల్లెమొగ్గలు కొనుక్కొచ్చింది కూడా. మునిలక్ష్మి వాటిని ముట్టుకోలేదు. "ఇవి ఎవురివో... నేను చెంబుతో నీళ్ళు పోసిన చెట్టువి కావాలమ్మా" అని మొహం తిప్పేసుకుంది. ఏ తల్లి తట్టుకుంటుంది చెప్పండి! అందుకే తెగించి పెరట్లోకొచ్చింది.

"తెంపు పంకజా! నాకేమన్నా అయితే కానీలే... బిడ్డ అడగతా ఉండాది!" గుమ్మంలో నిలబడి వెంకటముని బావురుమన్నాడు.

తిరుమలమ్మ పోయి కొడుకు కాళ్ళు చుట్టేసింది. "వొద్దు నాయనా! నిన్ను అడుక్కోని తెచ్చుకున్నాను రా... నా కళ్ళముందర నిన్ను పోగొట్టుకోలేను రా!"

ఒకవైపు కన్నబిడ్డ... ఒకవైపు మెడలో పసుపుతాడు! పంకజాక్షి చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది. ఎవరూ పట్టుకుని లాగలేదు. లోపలికి వెళ్ళి, "రేపు కుడతాను బంగారూ... రేపు తప్పకుండా" అని అబద్ధమాడింది. పాపం, పిల్ల నమ్మింది. ఇప్పుడే తల దువ్వి పెట్టమంది.

తెల్లవారేసరికి మునిలక్ష్మి లేదు!

ఇల్లంతా ఏడుపులతో నిండిపోయింది. పరంధామయ్య ఎప్పటిలాగే వచ్చి, సంగతి తెలిసి కన్నీళ్ళతో వెనుదిరిగాడు. అప్పుడు పెరట్లోనుంచి వచ్చింది తిరుమలమ్మ. చేతిలో నిండుగంప! పెరట్లో ఒక్క మొగ్గ మిగల్చలేదు. అరటినార, సూది పట్టుకుని మనవరాలి తల దగ్గర కూర్చుంది.

పంకజాక్షి తుళ్ళిపడింది. "ఏం చేస్తా ఉండావత్తా? అది స్వామి సొత్తు కదా!"

"స్వామి దగ్గిరికే కదే పోతా ఉండాది నా తల్లి... గంప ఎవురు మోస్తే ఏమి? ఇదే మోసుకోని పోతాది. మొక్కు తప్పేదేముండాది..." అంటూ ముసలమ్మ వెక్కిళ్ళు పెట్టింది.

పంకజాక్షి అత్త భుజాలు పట్టుకుని కుదిపేసింది. "ఈ ఉపాయం నిన్న యాడికి పోయిందత్తా? నిన్న తోచుంటే నా బిడ్డ అద్దంలో సూసుకోని నవ్వుండేది కదత్తా!"

తిరుమలమ్మ కోడలి ఒళ్ళో తల పెట్టేసింది. "నన్ను కొట్టు పంకజా... నా బిడ్డే బిడ్డ అనుకున్నాను గానీ, నీ బిడ్డ నాకు కనపళ్ళేదే..."

పంకజాక్షి కొట్టలేదు. ఎవరిని కొడుతుంది? కొమ్మ దాకా పోయి వెనక్కి వచ్చింది తన చెయ్యే కదా! ఆ చేత్తోనే అత్తను లేవదీసి కూర్చోబెట్టింది. ముసలమ్మ మళ్ళీ సూది అందుకుంది గాని, కన్నీళ్ళు అడ్డుపడి వేలికే గుచ్చుకుంటోంది. పంకజాక్షి సూది తీసుకుంది.

"జడ నువ్వు పట్టుకో అత్తా. గట్టిగా పట్టుకో, జారిపోతుంది."

అత్త పట్టుకుంది. కోడలు కుట్టడం మొదలుపెట్టింది. మొగ్గ పక్కన మొగ్గ, మధ్యమధ్య మరువం... వెంకటముని లోపలికి వచ్చి, పొద్దెక్కుతోంది, బయట అందరూ కాచుకుని ఉన్నారని మెల్లగా చెప్పాడు.

"కొంచెంసేపు ఆగమని చెప్పండి" అంది పంకజాక్షి తల ఎత్తకుండా. "ఇంకా సగమే అయింది."