రమ్మని పోసిన చుక్క

జర్మనీలోని డెగ్గెన్‌డార్ఫ్‌లో డిసెంబరు ఆదివారం మధ్యాహ్నం తిన్నది అరగకముందే చీకటి పడుతుంది. ఆ రోజు డాన్యూబ్ మీంచి లేచిన పొగమంచు వాలు ఎక్కి భాస్కరమూర్తిగారి గేటు దాకా వచ్చింది. వాకిట్లో చిన్న బల్ల వేసి, దాని మీద కరోనా టెస్ట్ కిట్లు పెట్టారు. ముక్కులో పుల్ల తిప్పుకుని, ఒకే గీత వచ్చిందని చూపించి లోపలికి వెళ్ళాలి. ఆరోగ్యం విషయంలో ఆయన చాలా జాగ్రత్త మనిషి.

ఈ చివరి వాక్యం రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. అయినా ఉంచుతున్నాను. ఊళ్ళో తెలుగువాళ్ళంతా ఆయన గురించి చెప్పుకునే మాట అదే.

భాస్కరమూర్తిగారిది కాకినాడ. ఇంజనీరుగా వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. ఇక్కడి కాలేజీలో చేరే మన పిల్లలు విమానం దిగకముందే ఆయన నంబరు సంపాదిస్తారు. ఈ ఊళ్ళో గది దొరకడం కష్టం. ఆయన ఇంటి కింద కెల్లర్ ఉంది, అంటే నేలమాళిగ. అందులో మంచాలు వేసి అద్దెకు ఇచ్చేవారు. అది మనుషులు ఉండడానికి అనుమతి ఉన్న గది కాదు. ఆ మంచాల మీద పడుకునేవాళ్ళలో సగం మందికి ఆ చిరునామాలో ఆన్మెల్డుంగ్, అంటే నివాస నమోదు, కూడా లేదు. ఆ సంగతి అందరికీ తెలుసు. ఎవరూ అనేవారు కాదు.

నవంబరులో ఆయన మెక్సికో వెళ్ళొచ్చారు. మన వైపు నుంచి తల్లిదండ్రులను రప్పించుకోవడానికి వీసా ఆఫీసులో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరక్క పిల్లలు ఏడుస్తున్న రోజుల్లో, ఆ దేశం టెస్టు కూడా అడగకుండా రానిస్తోందని ఈయన కనిపెట్టారు. అక్కడ ఒహాకా అనే ఊళ్ళో మెజ్కాల్ అనే సారా రుచి చూపించే చిన్న కార్యక్రమానికి వెళ్ళారట. అరగంటలో జీవితం అంటే ఏమిటో తెలిసిందని మా వాట్సాప్ గుంపులో రాశారు. సీసాలు తెచ్చాననీ, అదే కార్యక్రమం తన ఇంట్లో చేసి చూపిస్తాననీ అందరినీ పిలిచారు. ఎక్కడంటే, కెల్లర్‌లో. పిల్లలు ఖాళీ చేశాక దాన్ని బార్ గదిగా మార్చారట.

ఆ గదిలో ఏప్రిల్‌లో ఇస్సాకు చనిపోయాడు.

ఇస్సాకుది తెనాలి దగ్గర. మెకట్రానిక్స్ చదివేవాడు. కరోనా వచ్చిందని తెలియగానే మిగతా పిల్లలు స్నేహితుల గదులకు పారిపోయారు. వాడితో మిగిలిన సాయి తేజ ఆ రాత్రి గోడౌన్‌లో డ్యూటీకి వెళ్ళాడు. మూర్తిగారి భార్య సోనియా ఎర్లాంగెన్‌లో కూతురి దగ్గర ఉన్నారు. కెల్లర్ నుంచి ఇంట్లోకి వెళ్ళే తలుపుకి మూర్తిగారు పైవైపు నుంచి తాళం వేసుకున్నారు. క్వారంటైన్ కదా. తెల్లారి సాయి తేజ తోటవైపు నుంచి దిగి చూస్తే, ఇస్సాకు ఆ తలుపు దగ్గర నేల మీద ఉన్నాడు.

ఆఫీసులకు, కోర్టులకు తెలుగు కాగితాలు అనువదించడం నా పని. వాడి మరణ పత్రం కూడా నేనే అనువదించాను. అప్పటి నుంచి వాడి తల్లి రత్నకుమారి నాకు ఫోన్ చేస్తోంది. ఎప్పుడూ ఒకటే ప్రశ్న. "వాడు తలుపు తట్టాడా అమ్మా? ఎవరికైనా వినిపించిందా?"

మూర్తిగారి సమాధానం కూడా ఎప్పుడూ ఒకటే. సంతాప సభ పెట్టి జూమ్‌లో చెప్పారు, కొట్లో చెప్పారు, నాతో చెప్పారు. ఒక్కసారి తట్టి ఉంటే నేను ఊరుకునేవాణ్ణా? మొహమాటస్తుడు, అడగలేకపోయాడు పాపం... ఆ మాటలో తప్పంతా చచ్చిపోయినవాడి మీదికి పోతుంది. ఎనిమిది నెలలుగా అది నా గొంతులో ముల్లులా ఉంది. ఆ గదిలో, ఆ తలుపు ఎదురుగా ఆయన్ని నిలబెట్టి అడగాలని వెళ్ళాను.

గుంపులో ఇంకెవరూ రాలేదు. సాయి తేజ వచ్చాడు. మొదట రానన్నాడు. "ఆ రూంల కూసొని తాగుడా అక్కా? వానికి సిగ్గు లేదు, నాకన్న ఉండాలె గద." చివరికి నన్ను ఒంటరిగా పంపలేక వచ్చాడు.

సోనియాగారు వంటింట్లో ఉన్నారు. మెట్లు దిగి ఆ తలుపు తోసుకుని వెళ్ళాం. గోడలకు కొత్తగా సున్నం వేశారు. మంచాలు ఉన్న చోట ఎత్తు బల్ల, స్టూళ్ళు, రంగు కాగితాల తోరణం, ఒక మూల విద్యుత్ హీటరు. కింద మాత్రం వట్టి మట్టి. పాత పలకలు తీయించేశానని ఆయన గర్వంగా చెప్పారు. అక్కడ మెజ్కాల్ కాచే చోట నేల ఇలాగే ఉంటుందట. చలికి ఆయనే వెళ్ళి తలుపు దగ్గరగా వేసి వచ్చారు.

కార్యక్రమం మొదలైంది. మన రైలు కట్టల పక్కన పెరిగే కిత్తనార లాంటి మొక్క అది. దాని దుంపను కాలిన రాళ్ళ మీద పెట్టి, పైన మట్టి కప్పి, రోజుల తరబడి పాతేస్తారు. మట్టి కింద మెల్లగా ఉడికి, పొగ పట్టి, అప్పుడు తియ్యనవుతుంది. ఆయన బాగా చెబుతారు. ఎవరి గదిలో నిలబడి పాతిపెట్టడం గురించి చెబుతున్నారో ఒక్క క్షణం కూడా తట్టినట్టు లేదు. చిన్న మట్టి పిడతల్లో తలా కొంచెం పోశారు. నారింజ ముక్కలు, కారం కలిపిన ఉప్పు ముందుకు జరిపారు.

"గుటక వెయ్యకూడదు గిరిజగారూ. ముద్దు పెట్టుకున్నట్టు తాకించాలంతే. ఏవోయ్ సాయీ, నీ సీసా బీరు కాదిది."

పొగ వాసన, దాని వెనక నారింజ, ఆ వెనక తడిమట్టి. వాసన బాగుందని ఒప్పుకోవాలి. నేను తాగలేదు.

అప్పుడు ఆయన చెయ్యి ఎత్తి ఆపారు. తాగే ముందు మొదటి చుక్కలు చనిపోయినవాళ్ళ కోసం నేలకు పొయ్యాలట. అక్కడి ముసలాయన నేర్పాడట. సాయి తేజ తల వంచుకునే అన్నాడు, మాకు కూడా ఉంటది, సాక అంటరు. కల్లు ముంత తెరవంగనే వాళ్ళ తాత ముందు మట్టికి పోసేవాడట. మూర్తిగారికి భలే సంతోషం వేసింది. చూశారా, ప్రపంచమంతా ఒకటే అన్నారు. అతిథుల ముందు ఏదో ఒకటి బాగా చేసి చూపించాలన్న ఉత్సాహంలో లేచి నిలబడ్డారు. పిడత వంచారు.

"మన ఇస్సాకు పేరున" అన్నారు. "రా బాబూ. వచ్చి నువ్వూ ఓ చుక్క పుచ్చుకో."

ఇంటికొచ్చినవాళ్ళను మనం అలాగే పిలుస్తాం. ఎవరినీ పొమ్మనే అలవాటు మన నోటికి లేదు. వెళ్ళేవాళ్ళు కూడా వెళ్ళొస్తామనే అంటారు. ఆయన నోరు అదే అలవాటున పలికింది.

సాయి తేజ చటుక్కున తలెత్తాడు. "అంకుల్... సాక పోస్తే తీస్కొని పో అనాలె. రమ్మనొద్దు."

"ఏం పట్టింపయ్యా" అని ఆయన నవ్వారు.

మట్టి ఆ చుక్కల్ని వెంటనే తాగేసింది. తడి మరక కూడా మిగల్లేదు.

ఆయన కూర్చుని పిడత ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఆగారు. మళ్ళీ పెట్టుకున్నారు. వాసన రావడం లేదేవిటి అన్నారు. నాకు గదంతా పొగ వాసనే. సీసా మూత తీసి పీల్చారు. నారింజ ముక్క కొరికారు. కారం ఉప్పు వేలితో తీసి నాలుక మీద వేసుకుని, నమిలి, మా ముఖాలు చూశారు. నోట్లో ఏమీ లేనట్టుందని మెల్లగా అన్నారు. వాకిట్లో టెస్టులో ఆయనకూ ఒకటే గీత.

నాకు జాలి కలగలేదు. ఇదే సమయమనుకుని నోరు తెరిచాను.

అప్పుడు తలుపు మీద తట్టిన చప్పుడు.

మెత్తగా. వేలి కణుపులతో. సోనియాగారు ఏమైనా తెచ్చారేమో అనుకుని అటు చూశాను. చప్పుడు తలుపు మధ్యలోంచి రావడం లేదు. అడుగున... మట్టికి జానెడు ఎత్తులో. నేల మీద పడుకున్నవాడి చెయ్యి అందే చోట.

ఇంకోటి కూడా తెలిసింది. చప్పుడు తలుపు అవతల నుంచి రావడం లేదు. ఇవతల నుంచి. మేమున్న వైపు నుంచి. అక్కడ ఎవరూ లేరు.

సాయి తేజ నా మోచెయ్యి పట్టుకున్నాడు.

మళ్ళీ. ఈసారి కొంచెం ఆగి, ఊపిరి తీసుకున్నట్టు ఆగి...

మూర్తిగారు తలుపు వైపు చూడలేదు. ఎదుటి గోడ వైపు చూస్తున్నారు. గొంతు మారింది. నిద్రలోంచి లేపినవాడి విసుగు అది.

"అబ్బా... పడుకోవయ్యా. పొద్దున చూద్దాం."

తట్టిన చప్పుడు.

"ఊపిరాడకపోవడం ఏవిటి, అది భయం. నీళ్ళు తాగు. అంబులెన్సు లేదు ఏమీ లేదు. వాళ్ళు కిందికి దిగి చూస్తే నా పరిస్థితి ఏవిటి? పడుకో ఇస్సాకూ. పొద్దున చూద్దాం."

హీటరు గుంయ్‌మంటోంది. ఆయన పెదవులు ఆ మాట మీదే ఇంకా కదులుతున్నాయి. తర్వాత కళ్ళు మా మీదికి వచ్చాయి. తను ఏమన్నారో అప్పుడు ఆయనకే వినిపించినట్టుంది.

ఎనిమిది నెలలుగా సిద్ధం చేసుకున్న మాటల్లో ఒక్కటే మిగిలింది.

"ఎంతసేపు తట్టాడు?"

తలుపు అడుగున చప్పుడు ఆగడం లేదు.

"తెల్లారేదాకా" అన్నారు.

సాయి తేజ పిడత బల్ల మీద పెట్టాడు. విసిరికొడతాడేమో అనుకున్నాను. మెల్లగా, చప్పుడు కాకుండా పెట్టాడు. "పోదాం అక్కా."

బయటికి వెళ్ళాలంటే ఆ తలుపే దారి. తోటవైపు దారి మూయించేసి సున్నం కొట్టించారు. నేను వెళ్ళి పిడి తిప్పి లాగాను. తలుపు సులువుగా వచ్చింది. అవతల మెట్లు, మెట్ల మీద దీపం, పైన వంటింట్లో కుక్కర్ కూత. తెరిచిన తలుపు నా చేతిలోనే ఉంది. అయినా ఆ చెక్క మీద దెబ్బలు పడుతూనే ఉన్నాయి... ఒక్కొక్కటీ నా అరచేతికి తగులుతోంది. నా మోకాలి పక్కన ఎవరూ లేరు. చల్లగా ఉంది, అంతే.

వెనక్కి తిరిగి మూర్తిగారిని రమ్మన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"తాళం వేసుంది" అన్నారు.

తెరిచే ఉందని చెప్పాను. ఆయన నన్ను చూశారు, తెరిచిన తలుపును చూశారు, దాని వెనక దీపాన్ని చూశారు. "లేదండీ. పైనించి వేసుంది."

ఆయన్ని అక్కడే వదిలి పైకి వచ్చాను. కోపంతోనే వచ్చాను, దాచను. అయినా సోనియాగారికి చెప్పాను, కిందికి వెళ్ళి ఆయన్ని తీసుకురమ్మని. ఆవిడ ఎలాగో చెయ్యి పట్టుకుని తెచ్చారట. మేం అప్పటికి గేటు దాటాం. వాలు దిగుతున్నంతసేపూ సాయి తేజ ఏడ్చాడు. తను డ్యూటీ మానేసి ఉంటే అన్నాడు. నేను గట్టిగా కసిరాను. ఆ ఇంట్లో తాళం చెవి ఉన్నవాడు ఒక్కడే, అది నువ్వు కాదు అన్నాను.

మర్నాడు సోమవారం, రత్నకుమారికి నేనే ఫోన్ చేశాను. తట్టాడమ్మా, ఆయనకు వినిపించింది, తెల్లారేదాకా వినిపించింది అని చెప్పాను. మెత్తగా చెప్పే మార్గం నాకు దొరకలేదు.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"అందుకేనన్నమాట" అంది.

ఏమిటని అడిగాను. ఆవిడ గొంతు తగ్గించింది. పక్క గదిలో భర్త నిద్రపోతున్నాడట.

"ఏప్రిల్ నుంచి తెల్లారుజామున మా వీధి తలుపు తడతన్నాడమ్మా. కింది చెక్క మీద. పాస్టరుగారితో చెబితే అది సాతాను శోధన, తియ్యొద్దన్నారు. నేను తీసేదాన్ని. ఎవరూ ఉండరు. రా నాన్నా అంటే, ఆ రోజుకి ఊరుకునేవాడు. ఇయ్యాళ తట్టలేదు. ఎక్కడికి పోయాడా అని పొద్దున్నించీ తలుపు తీసి పెట్టుకుని కూర్చున్నా."

ఆవిడే మళ్ళీ అంది.

"ఆయన్ని ఒక్కసారి తలుపు తియ్యమనండమ్మా. తీస్తే ఊరుకుంటాడు. మొండోడు, తియ్యకపోతే మాత్రం పోడు."

అలాగే చెబుతానన్నాను. అరగంట క్రితమే సోనియాగారు ఫోన్ చేసిన సంగతి ఆవిడకు చెప్పలేదు. మూర్తిగారికి రాత్రంతా నిద్ర లేదట. పొద్దున్నే మనిషిని పిలిపించి ఆ తలుపును బందులతో సహా ఊడదీయించి, బయట మంచులో పడేయించారట. మెట్ల కింద ఇప్పుడు ఖాళీ ద్వారబంధం మాత్రమే ఉందట.

చెక్క మీద దెబ్బలు మాత్రం ఆ ఖాళీలోనే, అదే ఎత్తులో, ఇంకా పడుతున్నాయట.